మాస్టారు కలపని మార్కు

మా ఎదురు ఫ్లాటు మాస్టారు పోయారు. శ్రావణంలో ముసురు పట్టిన ఒక శుక్రవారం పొద్దున చాయ్ పెట్టమని భార్యకు చెప్పి, హాల్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, చాయ్ వచ్చేలోగా వెళ్లిపోయారు. ఆవిడ గ్లాసు చేత్తో పట్టుకునే వచ్చి మా తలుపు కొట్టింది.

"టీచరమ్మా, జర వచ్చి చూడున్రి. సారు పలుకుతలేడు."

వెళ్లి చూశాను. నా వయసు వాళ్లకి డాక్టరు రాకముందే కొన్ని సంగతులు తెలిసిపోతాయి. నేనేమీ అనకముందే ఆవిడకీ తెలిసింది. గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, "నిమిషం అటూ ఇటూ కాకుంట బతికిండు. ఒక్క చాయ్‌కి ఆగలేకపాయె" అంది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చిందావిడకి. నాకూ అంతే.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్లకి లేని గుణాలు నాలుగు కలిపి రాయడం మనకి అలవాటు. ఆయన విషయంలో ఆ పని చేస్తే ఆయనే ఒప్పుకోరు. లేనిది కలపడమంటే ఆయనకి ఎంత గిట్టదో నాకు తెలిసినంతగా ఈ చిక్కడపల్లిలో ఇంకెవరికీ తెలియదు. ఎలా తెలుసో చెప్పుకోవాలి కనుక ఇది రాస్తున్నాను.

మేం ఈ బిల్డింగుకి వచ్చిన కొత్తల్లో లిఫ్టులో ఆయన్ని అడిగాను.

"అందరూ మాస్టారంటున్నారు. ఏ స్కూలండీ మీది?"

"జైలమ్మా."

"జైలు పక్కన స్కూలా?"

"జైల్లనే. వడ్రంగం నేర్పుత. మా పిలగాండ్లు ఒక్కనాడు గూడ డుమ్మా కొట్టరు."

మూడో అంతస్తు వచ్చేదాకా నేను నోరు తెరవలేదు. నారాయణగూడలో ఆడపిల్లల స్కూల్లో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. మాట కోసం వెతుక్కోవడం నాకు అలవాటు లేని పని.

బిల్డింగులో కొందరు ఆయన్ని వెనకనుంచి 'జైలు మాస్టారు' అనేవారు. ఆయన చెవిన పడింది కూడా. "జైల్ల నేర్పేటోణ్ని జైలు మాస్టరనే అంటరు. అండ్ల తప్పేముంది?" అన్నారు. ఆ తర్వాత అనడంలో మజా లేక వాళ్లే మానేశారు.

ఆయన వర్క్‌షాపుని నేను కళ్లతో చూడలేదు గానీ చెప్పగా చెప్పగా అక్కడ తిరిగినట్టే ఉంటుంది. గోడ మీద ప్రతి ఉలికీ, ప్రతి రంపానికీ, సుత్తికీ దాని ఆకారంలోనే నల్లరంగు నీడ వేసి ఉంటుందట. సాయంత్రం ప్రతి నీడ మీదా దాని పనిముట్టు వచ్చి చేరాలి. ఒక్క నీడ ఖాళీగా ఉన్నా గదిలోంచి ఎవరూ కదలరు, మాస్టారితో సహా. ఒకసారి అరంగుళం ఉలి కనబడక అందరూ రెండు గంటలు నిలబడ్డారట. చివరికి చెక్కపొట్టు గంపలో దొరికింది. "ఎవరు పారేశారు?" అని అడిగాను. "ఎవరు పారేసిన్రో నాకెందుకు? నా చెయ్యే తగిలి పడిందని ఒకడు ముందటికొచ్చి చెప్పిండు. అది రాసుకున్న" అన్నారు.

ఆయన రాసుకోవడం గురించి చెప్పాలి. ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉండేది. ఒక్కో మనిషికి ఎదురెదురుగా రెండు పేజీలు. ఎడమ పక్కన చేతికి వచ్చిన పని: రంపం గీత మీదే పోతోందా, చిత్రిక ఎత్తుపల్లాలు లేకుండా పడుతున్నాడా, మూలమట్టం పెట్టి చూసుకునే అలవాటుందా, తలుపు బిగించడం వచ్చా. కుడి పక్కన పని చేసే తీరు: వేళకి వచ్చాడా, పనిముట్టు తుడిచి పెట్టాడా, పక్కవాడు అడిగితే చూపించాడా. అన్నిటికన్నా కింద, గీత కొట్టి, ఒకే ఒక ప్రశ్న: తప్పు చేస్తే తనంత తాను చెప్పాడా, మనం పట్టుకున్నాక ఒప్పుకున్నాడా?

నూటికి ఇన్నని అంకెలు వేయరు. ఆయన మార్కులు రెండే. 'వచ్చు', 'ఇంకా రాదు'. ఉత్త 'రాదు' అని ఎప్పుడూ రాయలేదు. ఆ 'ఇంకా' ముందు ఉండాల్సిందే. పరీక్ష రోజున చేసిన పీట ఒక్కటే చూసి మార్కు వేయడం ఆయనకి నచ్చదు. "పరీక్షనాడు అందరు మంచిగనే చేస్తరు టీచరమ్మా. ఏం లేని మంగళారం నాడు ఎట్ల చేస్తరో అది చూడాలె" అనేవారు. ఏడాదికోసారి వచ్చే ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే బ్లాక్‌బోర్డు నల్లగా ఉండే స్కూళ్లు చూసినదాన్ని. నాకు ఆ మాట ఎక్కడో తగిలింది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "వాళ్లేం చేసి లోపలికొచ్చారో తెలిస్తే మీకు భయం వెయ్యదా?"

"అది జడ్జి సాబ్ చూసిండు గద. ఆయన చూసింది మల్ల నేనెందుకు చూడాలె? నేను చేతులు చూస్త."

చేతులే కాదు, కుర్చీలు కూడా చూసేవారు. ఎవరింటికెళ్లినా కూర్చునే ముందు కుర్చీని తిరగేసి అడుగు చూడటం ఆయన అలవాటు. "మా తమ్ముని బిడ్డ పెండ్లిల అక్షింతలెయ్యమంటె స్టేజి మీది సోఫా కిందికి దూరిండు. ఫొటోల కాళ్లే పడ్డయి" అని వాళ్లావిడ ఎన్నిసార్లు చెప్పినా అంతే మంటగా చెప్పేది. మా భోజనాల బల్లని కూడా మొదటి రోజే తిరగేశారు. "మూడు కాళ్లు ఒకనివి, నాలుగోది ఇంకొకనిది" అన్నారు. బాగుచేస్తానని మాత్రం అనలేదు. అడగని పనికి చెయ్యి పెట్టరు. అడిగితే కాదనరు. నేను అడగడానికి నాలుగు నెలలు పట్టింది. మా బల్ల మీద నాకంత అభిమానం ఉందని అప్పుడే తెలిసింది.

ఇక అసలు సంగతికి వస్తాను. వాయిదా వేస్తున్నానని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

శిక్ష ముగిసి బయటికొచ్చే వాళ్లకి నేర్చుకున్న పనికి సర్కారు సర్టిఫికెట్ ఉంటుంది. అందులో 'పాస్' అని ఉంటుంది. మాస్టారికి అది చాలదు. "పాస్ అంటే ఏమొచ్చినట్టు? షాపాయనకు ఏం తెలుస్తది? ఇతనికి ఇవి వచ్చు, ఇది ఇంక రాదు అని రాసియ్యాలె. రాదని ఒక్కటన్న ఉంటెనే, వచ్చని రాసినయి నమ్ముతరు" అనేవారు. అందుకని ఒక్కొక్కరికీ ఒక పేజీ తెలుగులో సొంతంగా రాసి సంతకం పెట్టి ఇచ్చేవారు. ఆయన చేతిరాత బాడిసతో చెక్కినట్టు ఉండేది. అంచేత ఆదివారం ఆదివారం చిత్తుప్రతి నాకు తెచ్చేవారు. నేను శుభ్రంగా తిరగరాసేదాన్ని. ఆయన సంతకం పెట్టేవారు.

"ఒకసారి చదువుకుని పెట్టండి మాస్టారూ."

"మీరు రాసినంక చదివేదేముంది?"

నా వృత్తిలో ఒక అలవాటుంది. బయట చెప్పుకోం గానీ టీచర్లందరికీ తెలుసు. పాస్ కావడానికి ముప్పై అయిదు. ముప్పై నాలుగు దగ్గర ఆగిన పిల్ల పేపరు చేతికొస్తే, మళ్లీ మొదటినుంచి తిరగేసి ఎక్కడో ఒకచోట ఆ ఒక్క మార్కు దొరికించుకుంటాం. లేకపోతే కలుపుతాం. నా సర్వీసులో ముప్పై నాలుగు దగ్గర ఏ పిల్లనీ ఆపలేదు. దాన్ని నేను దయ అనుకునేదాన్ని.

ఒక ఆదివారం యాదగిరి కాగితం వచ్చింది. పాలమూరు వైపు నుంచి కట్టుబడి పనికి వచ్చిన కుటుంబం. ఆరేళ్లు లోపల ఉన్నాడు. భార్య అడిక్‌మెట్‌లో నాలుగిళ్లలో పాచిపని చేస్తూ ఇల్లు నడిపింది. చిత్తులో పన్నెండు పనులున్నాయి. పదకొండింటికి 'వచ్చు'. ఒక్కదానికి, తలుపు బిగించడానికి, 'ఇంకా రాదు'. అతను వెళ్లబోయేది నారాయణగూడ సందులో ఒక కార్ఖానాకి. అక్కడ సగానికి సగం తలుపుల పనే.

పన్నెండులో పదకొండు. నా చేతికి ఇంకేం కావాలి? చిత్తులో 'ఇంకా' కొట్టేశాను, 'రాదు' కొట్టేశాను, శుభ్రప్రతిలో 'వచ్చు' అని రాశాను. అచ్చం ముత్యాల్లాంటి అక్షరాలు. మాస్టారు చదవకుండా సంతకం పెట్టారు. ఆ సాయంత్రం నేను చాలా మంచిదాన్నని అనిపించింది. అలా అనిపించినప్పుడల్లా జాగ్రత్త పడాలని ఇప్పుడు తెలుసు.

నెల తిరక్కుండానే హైదర్‌గూడలో ఒక కొత్త ఫ్లాటుకి యాదగిరి అయిదు టేకు తలుపులు బిగించాడు. మడతబందు కూర్చునే గాడి లోతుగా తవ్వేశాడు. ఒక్క తలుపూ పూర్తిగా పడదు. నొక్కి పెడితే వెనక్కి తన్నుతుంది. ఇంటివాళ్లు గొడవ చేశారు. కార్ఖానా యజమాని అతన్ని పనివాళ్లందరి ముందు నిలబెట్టి, కాగితం గాల్లో ఊపి, జైలు బుద్ధి పోనిచ్చుకున్నావు కాదన్నాడట. రేపట్నుంచి రావద్దన్నాడట.

ఆ సంగతి తెలిసిన పూట మాస్టారు మా ఇంటికొచ్చారు. అరవలేదు. "నా చిత్తు కాగితం ఉన్నదా?" అని మాత్రం అడిగారు. చిత్తులన్నీ దాచే అలవాటు నాది. తెచ్చి ఇచ్చాను. బల్ల మీద పరిచి, తలుపు వరస మీద వేలు పెట్టారు.

"పదకొండు వచ్చినవాడు కదా మాస్టారూ" అన్నాను. నా గొంతు నాకే ముప్పై నాలుగు మార్కుల పిల్ల గొంతులా వినిపించింది.

"మీరు మార్కు కలిపిన్రు టీచరమ్మా. పేపరు మీద కలిపితె పేపరు ఊకుంటది. తలుపు ఊకోదు."

మర్నాడు ఇద్దరం ఆటోలో నారాయణగూడ వెళ్లాం. నేనే వస్తానన్నాను. తప్పు నాదని యజమానికి చెప్పాలని దారిపొడుగునా వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. ఆ యజమాని గుంటూరు వైపు మనిషే అయినా అందరూ సేటని పిలుస్తారు. రంపం మిషను ఆపించి బయటికొచ్చాడు.

"ఏంటి మాస్టారూ ఇది? మీ మాట మీద కదా పెట్టుకున్నాను! తలుపు వచ్చు అని రాశారా లేదా?"

నేను నోరు తెరిచేలోగా మాస్టారు అన్నారు. "రాసింది తప్పు. సంతకం నాది. అతనికి తలుపు ఇంక రాదు. నేనే నేర్పలే."

"సంతకం మీదైతే నష్టం నాదా? ఇంక మీ కాగితం పట్టుకుని ఎవడొచ్చినా గుమ్మం ఎక్కనివ్వను. వీడొక్కడే కాదు, ఎవడైనా సరే."

అప్పుడు నాకు అర్థమైంది, నేను కలిపిన మార్కు ఎంతమంది మార్కులు తీసేసిందో. మాస్టారు జేబులోంచి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నారు.

"సేటు, నెల రోజులియ్యున్రి. రోజు పొద్దుగాల ఆరింటికి, మీ కార్ఖాన తెరవకముందు వస్త. పాత చెక్క చాలు, మంచిది ముట్టం. నెల అయినంక మీరే పరీక్ష పెట్టున్రి. నేను మార్కు వెయ్య. మీరే వెయ్యున్రి."

"మీ డ్యూటీ?"

"ఎనిమిదింటికి. అందుకుంట."

సేటు యాదగిరి వంక చూశాడు. అతను మూల నిలబడి తన అరచేతులు చూసుకుంటున్నాడు. "నెల. ఒక్క రోజు ఎక్కువ లేదు" అన్నాడు సేటు.

నేను సిద్ధం చేసుకున్న వాక్యాలు సిద్ధంగానే ఉండిపోయాయి. తిరుగు ఆటోలో, "నన్నెందుకు చెప్పనివ్వలేదు?" అని కోప్పడ్డాను. "నేను ఆపలేదు గద" అన్నారు మాస్టారు. ఆయన అన్నది నిజం.

ఆ నెలంతా పొద్దున అయిదున్నరకి ఎదురింటి తలుపు గడియ చప్పుడు వినేదాన్ని. చలికాలం. ఆయన మెట్లు దిగే చప్పుడు చివరిదాకా వినడం నాకు నేను వేసుకున్న శిక్ష. అది చాలా చౌక శిక్షని ఒప్పుకుంటాను. నెలాఖరున పరీక్షకి నన్నూ రమ్మన్నారు. పాత ద్వారబంధం, కొత్త తలుపు, మూడు బందులు. యాదగిరి పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి తలుపు నిలబెట్టాడు. సేటు తెరిచాడు, మూశాడు, సగంలో వదిలాడు, సందులో కాగితం పెట్టి చూశాడు. తప్పు దొరకలేదని మొహంలో కాస్త అసంతృప్తి కూడా ఉంది.

"బాగానే ఉంది" అన్నాడు.

"లేదు సేటు" అన్నాడు యాదగిరి. "పై బందు కాడ నూలుపోగంత లోతెక్కువైంది. ఇయ్యాల తెల్వది. రెండేండ్లకు తెలుస్తది. ఇప్పి అట్టముక్క పెట్టి మల్ల ఎక్కిస్త."

మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, తనకేం సంబంధం లేనట్టు. సేటు వెళ్లి ఆ పై బందుని వేలితో తడిమి చూశాడు. "సరే, విప్పు. రేపు తొమ్మిదింటికి రా" అన్నాడు. మాస్టారి వైపు తిరిగి, "ఇంకెవరైనా ఉంటే పంపించండి. కాగితం మాత్రం మీరు చదివి సంతకం పెట్టండి" అన్నాడు.

తర్వాతి ఆదివారం మాస్టారు మామూలుగానే చిత్తుప్రతులతో వచ్చారు. నేను వెనక్కి తోశాను.

"మళ్లీ నాకెందుకిస్తున్నారు? బుద్ధి లేదా మీకు?"

"మీకు తప్పంటే ఏందో ఎరికైంది గద. ఇంకొకరిని పెట్టుకుంటె మల్ల మొదటి నుంచి నేర్పాలె."

ఆ రోజు నుంచి మాత్రం ప్రతి కాగితం అక్షరం అక్షరం వేలు పెట్టి చదివాకే సంతకం. నాకది అవమానం అనిపించలేదు. ఆయన పుస్తకంలో నాక్కూడా ఒక వరస ఉండి ఉంటుంది, దాని మొదట్లో 'ఇంకా' ఉండి ఉంటుంది. ఆయన రిటైరయ్యేదాకా అలాగే సాగింది. ఎంతమందికి రాశానో లెక్కపెట్టుకోలేదు. ఒక్క మాట మార్చలేదు. అశోక్‌నగర్ కోచింగ్ పిల్లలు రోడ్డు పొడుగునా మార్కుల గురించి గుండెలు బాదుకుంటుంటే, వాళ్లని దాటుకుని ఇద్దరం కాయితాల కట్ట కొనుక్కొచ్చేవాళ్లం. "వీళ్లకి ఏమొచ్చో ఎవరడుగుతరు పాపం" అనేవారాయన.

కానీ నేను చెప్పాల్సింది చెప్పలేదు. సేటుకి గానీ యాదగిరికి గానీ. ఇన్నేళ్లూ ఆ ఒక్క తప్పుడు కాగితం మాస్టారి పేరు మీదే ఉంది. ఆయన ఒక్కసారి కూడా గుర్తుచేయలేదు. ఆయన బతికున్నన్నాళ్లూ, ఎప్పుడైనా చెప్పొచ్చులే అనుకున్నాను. ఆ శుక్రవారం ఆ కుర్చీ ముందు నిలబడ్డప్పుడు నాకు మొదట తట్టింది అదే. మనిషి పోయారు, తప్పు ఆయన పేరు మీద ఉండిపోయింది.

పదకొండో రోజున యాదగిరి వచ్చాడు. జుట్టు నెరిసింది. ఇప్పుడు సొంతంగా తలుపుల పని ఒప్పుకుంటున్నాడు, కాచిగూడ వైపు. భోజనాలయ్యాక మా ఇంట్లోకి పిలిచి, కూర్చోబెట్టి, ముందూ వెనకా లేకుండా చెప్పేశాను. ఆ కాగితంలో 'వచ్చు' అని రాసింది మాస్టారు కాదు, నేనని.

అతను ఆశ్చర్యపోలేదు.

"ఎరికే అమ్మా. ఇయ్యంగనే చదువుకున్న. ఆర్నెల్ల సంది సారు నీకు తలుపు ఇంక రాదని మొత్తుకుంటుండె. కాగితంల చూస్తె వచ్చని ఉన్నది. సారు రాసింది కాదని అప్పుడే తెలిసింది."

"మరి నువ్వెందుకు చెప్పలేదయ్యా?"

"పని గావాలె గదమ్మా. నోరు మూసుకున్న." తల వంచుకున్నాడు. "నెల నేర్పిండు చూడున్రి, ఆ మొదటి దినం పొద్దుగాలనే సారుకు చెప్పిన. నేను గూడ ఎరికుండి ఊకున్న అని. సారు నవ్విండు. 'టీచరమ్మ ఒకటి కలిపింది, నువ్వొకటి కలుపుకున్నవ్. ఇగ ఉలి పట్టు' అన్నడు."

నాకంటే అన్నేళ్లు ముందు చెప్పాడన్నమాట. ఆ సంగతి మాస్టారు నాకు చెప్పలేదు. ఒకరి తప్పు ఇంకొకరికి మోసే అలవాటు ఆయనకి లేదు. సేటు ఈ పత్రిక తెప్పించుకుంటారని తెలుసు. ఆయన కూడా చదవాలనే ఇదంతా రాశాను. సేటుగారూ, ఆ కాగితం నాది.

యాదగిరి ఇంకా ఎదురుగానే కూర్చున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కనుక, వానలకి మా బాత్రూము తలుపు పడటం లేదని, వచ్చినవాడివి కాస్త చిత్రిక పట్టి పొమ్మని అన్నాను. యాదగిరి లేచి వెళ్లాడు. తలుపు అటూ ఇటూ కదిపాడు. వంగి కింద చూశాడు.

"ఇప్పుడు పట్టొద్దమ్మా. నీళ్లు తాగి ఉబ్బింది. ఇప్పుడు గీకితే ఎండకాలం చెయ్యి పట్టేంత సందు వస్తది. ఆరనియ్యున్రి. ఉగాది దాటినంక నేనే వస్త."

"అప్పటిదాకా?"

"అప్పటిదాంక పడదు."

ఇంక చేసేదేం లేకపోయినా అతను వెంటనే వెనుదిరగలేదు. బయట ముసురు పడుతూనే ఉంది. జ్వరం చూసేటప్పుడు నుదుటి మీద పెట్టినట్టు, ఆ తడిచెక్క మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే నిలబడ్డాడు.